షాట్ మారినప్పుడు ఒక్క నిమిషం ఆపండి

2020 ఫిబ్రవరి 19 రాత్రి చెన్నై శివార్లలోని ఈవీపీ ఫిల్మ్ సిటీలో, 'ఇండియన్ 2' సెట్‌లో భారీ లైట్లు కట్టిన క్రేన్ కూలి ముగ్గురు చనిపోయారు. వాళ్ళలో ఫైటర్ గానీ డూప్ గానీ లేరు. ఒకరు అసిస్టెంట్ డైరెక్టర్, ఒకరు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్, మరొకరు ప్రొడక్షన్ సిబ్బంది. క్రేన్ వచ్చి పడింది టెంట్ మీద. ఎండా వానా తగలకుండా, కుర్చీ వేసుకుని కూర్చునే టెంట్ సెట్‌లో అన్నిటికంటే క్షేమమైన చోటని మనమందరం అనుకుంటాం.

ప్రమాదం అనగానే ఫైట్ మాస్టర్ పని, రోప్ షాట్, కారు పల్టీ గుర్తొస్తాయి. అవి ప్రమాదకరమే. 2025 జూలైలో నాగపట్నం దగ్గర ఒక తమిళ సినిమా కోసం కారు పల్టీ కొట్టించే షాట్‌లో అనుభవజ్ఞుడైన స్టంట్‌మన్ చనిపోయాడు. కానీ ఫైట్ ఉన్న రోజున కనీసం అందరి కళ్ళూ ఆ షాట్ మీదే ఉంటాయి. మ్యాట్లు వేస్తారు, రోప్ రెండుసార్లు లాగి చూస్తారు, అంబులెన్స్ పిలిచి పెట్టుకుంటారు. ఏమీ లేని మామూలు రోజున లైట్‌మన్, ఫోకస్ పుల్లర్, సెట్ బాయ్, కాస్ట్యూమర్, జూనియర్ ఆర్టిస్ట్, టీవీ రిపోర్టర్ ఎవరి కంటా పడకుండా దెబ్బ తింటారు. ఈ వ్యాసం వాళ్ళ కోసం. మీకు 24 క్రాఫ్ట్స్‌లో ఏ కార్డు ఉన్నా, న్యూస్ చానల్లో కెమెరా మోస్తున్నా, యూట్యూబ్ చానల్‌కు ఒక్కరే వెళ్ళి షూట్ చేసుకొస్తున్నా ఇందులో మీకు పనికొచ్చేది ఉంటుంది.

ముందుగా ఒక మాట. పని తొందర తగ్గుతుందని, బడ్జెట్ పెరుగుతుందని, డైరెక్టర్ ఓపిక పడతాడని నేను చెప్పను. లొకేషన్ అద్దె, ఆర్టిస్టుల డేట్లు, పోతున్న వెలుతురు ఎప్పుడూ ఉండేవే. ఆ ఒత్తిడిలోనే ప్రాణం కాపాడుకుంటూ పని చేయడం ఎలా అన్నదే మన ప్రశ్న.

నేను గమనించినంతలో ప్రమాదం ఎక్కువగా జరిగేది అనుకున్న షాట్‌లో కాదు, అనుకున్నది మారిన షాట్‌లో. పొద్దున అందరూ చూసి సరే అన్న ఏర్పాటు ఒకటి. సాయంత్రం డైరెక్టర్‌కు ఇంకా మంచి ఆలోచన వస్తుంది. అది ఆయన పని, తప్పు పట్టాల్సింది కాదు. క్రేన్ ఇటు జరుగుతుంది, టెంట్ అటు జరుగుతుంది, ఇద్దరు కొత్త మనుషులు ఫ్రేమ్‌లోకి వస్తారు. పొద్దున చూసుకున్న జాగ్రత్తలేవీ ఈ కొత్త ఏర్పాటుకు వర్తించవు. కానీ 'పొద్దున చూశాం కదా' అనే ధీమా మాత్రం అలాగే ఉంటుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద ఎనభై మంది యూనిట్. హీరో రోడ్డు మీద నడిచే సీన్ ట్రాక్ వేసి తీయాలని ప్లాన్. సాయంత్రం అయిదున్నరకు చెట్ల మధ్య నుంచి మంచి వెలుతురు పడింది. ట్రాక్ వద్దు, పికప్ వెనక నుంచి మూవింగ్‌లో తీసేద్దాం అన్నారు. అసిస్టెంట్ కెమెరామన్ పికప్ వెనక డాలా మీద నిలబడ్డాడు. ఒక చెయ్యి కెమెరా మీద, ఇంకో చెయ్యి గాలిలో. నడిపేది ప్రొడక్షన్ డ్రైవర్. ఆయన తెల్లవారుజామున నాలుగింటికి రాజమండ్రి నుంచి ఆర్టిస్టులను తెచ్చాడు, అప్పటి నుంచీ బండి మీదే ఉన్నాడు. రోడ్డు మీద లారీలు, బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. 'అయిదు నిమిషాల్లో అయిపోతుంది' అని అందరూ అంటున్నారు.

ఇక్కడ చేయవలసింది పెద్దదేమీ కాదు. కో-డైరెక్టర్ వాకీటాకీలతో రోడ్డు రెండు చివర్లా మనిషిని పెట్టాలి. వాళ్ళిద్దరి నుంచీ 'బండి లేదు' అన్న మాట రాకుండా పికప్ కదలకూడదు. అసలు ట్రాఫిక్ ఆపడానికి పోలీసుల అనుమతి ఉందో లేదో మేనేజర్ చెప్పాలి. కెమెరా దగ్గరున్న మనిషిని హార్నెస్‌తో బండి ఫ్రేమ్‌కు కట్టాలి. అది లేకపోతే కూర్చుని తీయాలి. డ్రైవర్‌ను మార్చాలి. ఒకసారి కెమెరా తిప్పకుండా, నడిచే వేగంతో రిహార్సల్ చేయాలి. 'కట్' ఎవరి నోట వస్తుందో, బండి ఆపమని డ్రైవర్ వీపు మీద తట్టేది ఎవరో ముందే అనుకోవాలి. దీనికంతటికీ పది, పదిహేను నిమిషాలు పడుతుంది. అంతలో వెలుతురు పోతే పోతుంది. రేపు తీసుకోవచ్చు, లేదా ఇప్పుడే ట్రైపాడ్ మీద ఒక షాట్ తీసుకోవచ్చు. ఎడిటింగ్ టేబుల్ మీద ఏ మూవింగ్ షాట్‌కైనా మరో దారి దొరుకుతుంది.

మరి ఈ మాట ఎవరు చెప్పాలి? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మన సెట్లలో మాట పైనుంచి కిందికే వస్తుంది. కింది మనిషి 'ఇది డేంజర్ సార్' అంటే భయపడుతున్నాడని నవ్వుతారు, రేపటి నుంచి పిలుపు రాకపోవచ్చు. అందుకే అభిప్రాయంలా చెప్పకండి, కంటికి కనిపించే విషయాన్ని ప్రశ్నగా అడగండి. 'సార్, బూమ్ ఆ కరెంటు తీగ దాకా పోతుంది, ఎటు తిప్పమంటారు?' 'అన్నా, రోడ్డుకు అటు చివర ఎవరున్నారు?' 'మాస్టర్, ఈ రోప్ చివరిసారి ఎవరు చూశారు?' ఇలా అడిగితే ఎవరూ పిరికివాడనరు, జవాబు చెప్పక తప్పదు. జవాబు లేకపోతే షాట్ దానంతట అదే ఆగుతుంది. మీ మాట వినకపోతే మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌తో చెప్పించండి. లైట్‌మన్ చెబితే వినని డైరెక్టర్ కెమెరామన్ చెబితే వింటాడు. అయినా ముందుకే వెళ్తుంటే, మీరు నిలబడిన చోటు నుంచి పక్కకు జరగండి. ఆ హక్కు మీకు ఎవరూ ఇవ్వనక్కర్లేదు.

డిపార్ట్‌మెంట్ హెడ్లకు కూడా ఒక మాట చెప్పాలి. మీ కింద పని చేసే కుర్రాడు ప్రశ్న అడిగినప్పుడు అందరి ముందూ కసిరితే, తర్వాతి ప్రమాదాన్ని వాడు చూసినా చెప్పడు.

ఇక యంత్రాల సంగతి. క్రేన్, జిమ్మీ జిబ్, లైట్లు ఎత్తే లిఫ్ట్ ఏదైనా సరే, అది పూర్తిగా పడిపోతే ఎంత దూరం చేరుతుందో ముందు కొలవండి. చెయ్యి ఎంత పొడవో చుట్టూ అంత జాగాలో టెంట్, మానిటర్, మేకప్ కుర్చీ, భోజనం బల్ల ఏవీ ఉండకూడదు. నీడ ఉందని జూనియర్ ఆర్టిస్టులు క్రేన్ కిందనే కూర్చుంటారు, చూసి లేపండి. మన ప్రాంతంలో ఇంకో సంగతుంది. నల్లరేగడి నేల ఎండలో రాయిలా ఉంటుంది, ఒక్క వాన పడితే కూరుకుపోతుంది. పొద్దున గట్టిగా నిలిచిన క్రేన్ జాకీలు మధ్యాహ్నం వాన తర్వాత ఒక పక్కకు ఒరుగుతాయి. రెయిన్ ఎఫెక్ట్ కోసం మనమే ట్యాంకర్లతో నీళ్ళు కొట్టినా అంతే. జాకీల కింద వెడల్పాటి చెక్క దిమ్మలు వేయండి, నేల తడిసిన ప్రతిసారీ మళ్ళీ చూడండి. క్రేన్‌తో వచ్చిన ఆపరేటర్ బరువు ఎక్కువైందంటే ఆయన మాటే చివరి మాట కావాలి. ఎంత బరువు ఎత్తవచ్చో యంత్రం మీదే రాసి ఉంటుంది. వస్తువులు ఎత్తడానికి తెచ్చిన యంత్రానికి మనిషిని వేలాడదీయకూడదు.

స్టేజ్ ఈవెంట్లు చేసేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. 2024 జనవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో ఒక ఐటీ కంపెనీ రజతోత్సవం జరిగింది. అధిపతిని పైనుంచి ఇనుప కేజ్‌లో స్టేజ్ మీదికి దించుతుండగా అది తెగి పడి ఆయన చనిపోయారు. ఘనమైన ఎంట్రీ ఇద్దామని చేసిన ఏర్పాటు అది. మనిషిని వేలాడదీసే ఏ ఏర్పాటుకైనా మొదటిది తెగితే పట్టుకునే రెండో తాడు ఉండాలి. 2022 డిసెంబర్‌లో చెన్నై శివార్లలో ఒక తమిళ సినిమా షూటింగ్‌లో క్రేన్‌కు కట్టిన రోప్ తెగి స్టంట్‌మన్ చనిపోయాడు. తెగింది ఒక్క తాడే. దానికి జతగా ఇంకొకటి ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది.

కరెంటు గురించి లైట్‌మెన్‌కు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మిగతావాళ్ళకు చెప్పాలి. అవుట్‌డోర్‌లో జనరేటర్ వ్యాన్‌కు భూమిలో రాడ్ దించి ఎర్తింగ్ ఇచ్చారా అన్నది అడిగి తెలుసుకోండి. మనిషికి షాక్ కొట్టినప్పుడు వెంటనే ట్రిప్ అయ్యే రక్షణ స్విచ్ 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోవాలి. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. అది ఉన్నది వైరు కాలిపోకుండా చూడటానికి. నీళ్ళు వాడే సీన్‌లో ఆ రక్షణ స్విచ్ లేకుండా లైట్ వేయవద్దు. టేపు చుట్టిన జాయింట్లు నేల మీద, గడ్డిలో, గుమ్మం కింద నలగకూడదు. ఎవరికైనా షాక్ కొడితే చెయ్యి పట్టుకుని లాగకండి, ముందు జనరేటర్ ఆపమని అరవండి.

పొలాల్లో, ఊరి రోడ్ల మీద 11 కేవీ లైన్లు మనం అనుకునే దానికంటే కిందికి వేలాడుతుంటాయి. జిమ్మీ జిబ్ చెయ్యి, అల్యూమినియం నిచ్చెన, ఓబీ వ్యాన్ మాస్ట్ తీగను తాకాల్సిన పని కూడా లేదు. దగ్గరికి వెళ్ళినా హై ఓల్టేజ్ దూకుతుంది. లొకేషన్ చూడటానికి వెళ్ళిన రోజే తల పైకెత్తి తీగలు ఎటు పోతున్నాయో ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టండి. లైన్ ఆపించాల్సి వస్తే విద్యుత్ శాఖకు ముందే అర్జీ పెట్టాలి. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే చాలనుకోవద్దు.

అగ్ని ప్రమాదాల్లో మన దేశ సినిమా రంగం మరచిపోకూడనిది 1989 ఫిబ్రవరి 8న మైసూరులోని ప్రీమియర్ స్టూడియోలో జరిగింది. 'ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్' సీరియల్ షూటింగ్‌లో మంటలు లేచి 60 మందికి పైగా చనిపోయారు. ఆ సీరియల్ దర్శకుడు, నటుడు సంజయ్ ఖాన్ తీవ్రంగా కాలిపోయి నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నారు. 2017 నవంబర్‌లో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో 'మనం' సెట్ తగలబడినప్పుడు ప్రాణనష్టం జరగలేదు. సెట్ అంటే ప్లైవుడ్, థర్మాకోల్, గుడ్డ, పెయింట్, థిన్నర్. దాని మధ్యలో కాలిపోయేంత వేడి లైట్లు, టపాకాయలు, హోమగుండాలు పెడతాం. ఫ్లోర్‌లోకి వెళ్ళగానే రెండో తలుపు ఎక్కడుందో చూడండి. మన ఫ్లోర్లలో రెండో తలుపు ముందు ప్రాపర్టీ పెట్టెలు పేర్చి ఉంటాయి, లేదంటే జనం వస్తారని తాళం వేసి ఉంటుంది. షాట్ నడుస్తున్నంతసేపూ ఆ తాళం చెవి ఒక మనిషి చేతిలో, ఆ తలుపు దగ్గరే ఉండాలి. మంట ఉన్న ప్రతి షాట్‌కూ దాన్ని ఆర్పడం తప్ప వేరే పని లేని మనిషి ఒకరు సిలిండర్ పట్టుకుని నిలబడాలి. క్లాప్ కొట్టే కుర్రాడికే ఆ పని కూడా అప్పజెబితే చూసేవాడు లేనట్టే.

తుపాకుల విషయం అసిస్టెంట్ డైరెక్టర్లు శ్రద్ధగా వినాలి. 2021 అక్టోబర్ 21న అమెరికాలోని న్యూ మెక్సికోలో 'రస్ట్' సెట్‌లో రిహార్సల్ చేస్తుండగా తుపాకీ పేలి సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ చనిపోయారు. ఖాళీ అనుకున్న తుపాకీలో నిజమైన తూటా ఉంది. ఆయుధాల బాధ్యురాలికి 2024లో 18 నెలల జైలు శిక్ష పడింది. అంతకు ముందే ఫస్ట్ అసిస్టెంట్ డైరెక్టర్‌కు నిర్లక్ష్యం కేసులో ప్రొబేషన్ శిక్ష పడింది. తుపాకీ క్షేమమని ప్రకటించడానికి ముందు గుళ్ళన్నీ ఆయన సరిగ్గా చూడలేదు. మన దగ్గర ఎక్కువగా డమ్మీలు, గ్యాస్ గన్లు వాడతాం. అయినా బ్లాంక్ కూడా దగ్గర నుంచి పేలితే ప్రాణం తీస్తుంది. నోటి మాట మీద 'సేఫ్' అనకండి. తెరిచి, ఆర్టిస్ట్‌కు చూపించి, అప్పుడు ఇవ్వండి. షాట్ అవగానే వెనక్కి తీసుకోండి.

నీళ్ళ షాట్ల గురించి కన్నడ పరిశ్రమ చెల్లించిన మూల్యం మనకు పాఠం కావాలి. 2016 నవంబర్ 7న బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో 'మాస్తి గుడి' సినిమా కోసం హెలికాప్టర్ నుంచి నీళ్ళలోకి దూకిన ఇద్దరు నటులు మునిగిపోయారు. తమకు ఈత అంతంత మాత్రమేనని వాళ్ళు షాట్‌కు ముందే విలేఖరులతో చెప్పారు. కాపాడే పడవ సమయానికి వాళ్ళ దగ్గరికి చేరలేదు. ఈత రాదని ఆర్టిస్ట్ అన్నాక ఇక ఆ షాట్ గురించి చర్చ లేదు, డూప్ కావాలి లేదా షాట్ మార్చాలి. గజ ఈతగాళ్ళు ఒడ్డున కాకుండా నీళ్ళలోనే, షాట్ మొదలవడానికి ముందే ఉండాలి.

న్యూస్ వాళ్ళకు నీళ్ళంటే వరదలు. 2022 జూలైలో జగిత్యాల జిల్లాలో వరద వార్త కోసం వెళ్ళిన ఒక టీవీ రిపోర్టర్ కారుతో సహా కొట్టుకుపోయి చనిపోయాడు. వాగు పొంగి రోడ్డు మీద ఒక అడుగు ఎత్తున పారే నీరు చిన్న కారును తేల్చగలదు. రెండడుగులైతే చాలా వాహనాలు నిలవవు. మోకాలి లోతు ప్రవాహం మనిషిని పడేస్తుంది, పైగా కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కనిపించదు. ఇది రిపోర్టర్‌కు తెలియక కాదు. పక్క చానల్ వాడు నడుము లోతులో నిలబడి లైవ్ ఇస్తుంటే డెస్క్ నుంచి 'ఇంకొంచెం ముందుకెళ్ళు' అని మాట వస్తుంది. డెస్క్‌లో కూర్చున్న మిత్రులారా, ఆ ఒక్క మాట మానండి. బయటున్న వాళ్ళు మాత్రం పొద్దునే ఒక గీత గీసుకోండి: పారే నీటిలోకి బండి దించను, రాత్రి పూట వాగు దాటను, ఒక్కణ్ణే వెళ్ళను. డెస్క్ ఒత్తిడి చేస్తే ఒడ్డు నుంచి తీసిన విజువల్స్ పంపి, 'పోలీసులు ఇక్కడే ఆపేశారు' అన్న వాస్తవాన్ని వార్తగా చెప్పండి. అదీ వార్తే.

అనుమతి లేని చోటి గురించి కూడా ఇక్కడే చెబుతాను. 2014 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియాలో 'మిడ్‌నైట్ రైడర్' యూనిట్ రైల్వే కంపెనీ కాదన్నా వంతెన పట్టాల మీద షూట్ చేసింది. రైలు వచ్చి కెమెరా అసిస్టెంట్ సారా జోన్స్ చనిపోయింది. డైరెక్టర్ జైలుకు వెళ్ళాడు. పర్మిషన్ కాగితం అంటే పోలీసులకు చూపించే కాగితం అనుకుంటాం. రైల్వే పర్మిషన్ ఇస్తే రైళ్ళ టైమ్, పట్టాల దగ్గర ఉండే సిబ్బంది కూడా దాంతో పాటే వస్తారు. 'పర్మిషన్ ఉందా?' అని అడగడానికి మొహమాటపడకండి. పట్టాలు, డ్యామ్, హైవే, అడవి అయితే కాగితం చూశాకే దిగండి.

ఇప్పటిదాకా చెప్పిన వాటన్నిటికంటే ఎక్కువ మందికి రోజూ ఎదురయ్యే ప్రమాదం ప్యాకప్ తర్వాత మొదలవుతుంది. పొద్దున ఆరు గంటల కాల్‌షీట్, రాత్రి ఒంటిగంటకు ప్యాకప్, శంకర్‌పల్లి దగ్గరి లొకేషన్ నుంచి కృష్ణానగర్‌కు బైక్. 1997లో హాలీవుడ్‌లో బ్రెంట్ హెర్ష్‌మన్ అనే అసిస్టెంట్ కెమెరామన్ 19 గంటల పని తర్వాత ఇంటికి వెళ్తూ కారు నడుపుతుండగానే నిద్రపోయి చనిపోయాడు. ఆ తర్వాత పని గంటల మీద అక్కడ పెద్ద ఉద్యమమే నడిచింది. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి స్పందన, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్పందనతో సమానమని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో 0.03 శాతం దాటితేనే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు. అంటే చుక్క తాగకుండానే మనం ఆ హద్దు దాటి రోడ్డు ఎక్కుతున్నాం.

దీనికి మందు టీ కాదు. పద్నాలుగు గంటలు దాటిన రోజున మీ బైక్ లొకేషన్‌లోనే వదిలి యూనిట్ వ్యాన్ ఎక్కండి. వ్యాన్ డ్రైవర్ మధ్యాహ్నం పడుకున్నాడా లేదా అన్నది ప్రొడక్షన్ మేనేజర్ చూడాలి. డ్రైవర్‌తో షూటింగ్ మధ్యలో వస్తువులు తెప్పించడం, జనరేటర్ దగ్గర కాపలా పెట్టడం మానాలి. రాత్రి ప్యాకప్‌కూ మర్నాటి కాల్‌కూ మధ్య పది గంటలు లేకపోతే, ఆ సంగతి ప్యాకప్ అయ్యాక కాదు, సాయంత్రమే అడగండి. అప్పుడైతే షెడ్యూల్ మార్చడానికి వీలుంటుంది.

ఎండ గురించి రెండు మాటలు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 45 డిగ్రీలు మామూలు. మందపాటి కాస్ట్యూమ్‌లో ఉన్న జూనియర్ ఆర్టిస్టు చెమట ఆగిపోయి, మాట తడబడుతుంటే అది అలసట కాదు, వడదెబ్బ. నీడకు తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్ళు పోసి, గాలి విసరుతూ 108కు ఫోన్ చేయండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి. ఆడవాళ్ళు చాలామంది అవుట్‌డోర్‌లో బాత్‌రూమ్ లేదని నీళ్ళే తాగరు. దాంతో వడదెబ్బా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లూ వస్తాయి. క్యారవాన్ హీరోయిన్‌కు ఒక్కరికే ఉంటే సరిపోదు. యూనిట్‌లో ఆడవాళ్ళు ఎంతమంది ఉంటే దానికి తగ్గ మొబైల్ టాయిలెట్లు బడ్జెట్‌లో మొదటి రోజే రాయాలి.

పిల్లలతో షూట్ చేసేవాళ్ళు చట్టం తెలుసుకోవాలి. రోజుకు అయిదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పిల్లలతో పని చేయించకూడదు, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. సీరియల్స్, రియాలిటీ షోలకు కూడా ఇదే నియమం.

స్టూడియో లోపల పనిచేసేవాళ్ళ నష్టం మెల్లగా జరుగుతుంది. సౌండ్ ఇంజనీర్లు, ఎడిటర్లు హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ చూసుకోవాలి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు వినవచ్చు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. రాత్రి చెవుల్లో గుయ్యి అని మోగుతుంటే మర్నాడు వాల్యూమ్ తగ్గించాల్సిందే, ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. డబ్బింగ్ ఆర్టిస్టులు అరుపులు, ఏడుపులు ఉన్న లూప్స్ చివరికి పెట్టించుకోండి. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి.

ఇక కాగితాలు. మన రంగంలో అందరూ వాయిదా వేసే పని ఇదే, ప్రమాదం జరిగాక కుటుంబానికి మిగిలేదీ ఇదే. ఆక్యుపేషనల్ సేఫ్టీ, హెల్త్ అండ్ వర్కింగ్ కండిషన్స్ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. 1981 నాటి సినీ కార్మికుల చట్టం ఇందులో కలిసిపోయింది. సినిమాతో పాటు టీవీ, డిజిటల్ పనులు చేసేవాళ్ళు, యాంకర్లు, న్యూస్ రీడర్లు, డబ్బింగ్, స్టంట్ కళాకారులు కూడా ఆడియో విజువల్ వర్కర్ల కిందికి వస్తారు. వేతన పరిమితి ప్రభుత్వం నిర్ణయిస్తుంది. వీళ్ళతో రాతపూర్వక ఒప్పందం ఉండాలని, తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా అనిపిస్తే యజమానికీ ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పే హక్కు ఉద్యోగికి ఉందని కోడ్ చెబుతోంది. దాంతో పాటే వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్, డ్యూటీకి వెళ్తూ, డ్యూటీ నుంచి ఇంటికి వస్తూ జరిగే ప్రమాదాన్ని కూడా ఉద్యోగంతో సంబంధం ఉందని తేలితే పని ప్రమాదంగానే చూస్తుంది.

పరిహారం లెక్క ఒకసారి చూడండి. ఇప్పుడు సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసిపోయిన 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం పద్ధతిలో, చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చిస్తారు. జీతం ఎంత ఎక్కువున్నా 2020 నుంచి 15,000 రూపాయల దాకానే లెక్క. 30 ఏళ్ళ మనిషికి గుణకం 207.98. అంటే 7,500ను దానితో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. ఇది దయ కాదు, చట్టం ఇచ్చే హక్కు. అయితే ఆ మనిషి ఆ రోజు ఆ సెట్‌లో, ఆ కంపెనీకి పని చేస్తున్నాడని, అతని కూలి ఇంత అని రుజువు కావాలి. క్యాష్ బేటా తీసుకుని, వోచర్ కూడా లేకుండా వెళ్ళిపోయే మనకు ఆ రుజువు ఎక్కడిది?

అందుకని ఇవి చేయండి. కాల్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. ప్రతి సినిమాకూ మొదటి రోజు కాల్‌షీట్ ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి. డబ్బు వీలైతే అకౌంట్‌కో, యూపీఐకో వేయించుకోండి. ఇన్సూరెన్స్ ఉందంటారు కదా, అందులో రోజు కూలి మీద వచ్చినవాళ్ళ పేర్లు ఉన్నాయో లేవో అడగండి. సినిమాకు తీసిన పాలసీ సెట్‌కూ ఎక్విప్‌మెంట్‌కూ ఉండి, మనుషులకు లేకపోవచ్చు. ప్రమాదం జరిగితే ఆస్పత్రిలో 'బాత్‌రూమ్‌లో జారిపడ్డాడు' అని రాయించకుండా, షూటింగ్‌లో జరిగిందని మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. ఆ ఒక్క వాక్యం తప్పు రాస్తే తర్వాత ఏ కోర్టూ సరిదిద్దడం కష్టం. ఆ చోటి ఫొటోలు, చూసినవాళ్ళ ఫోన్ నంబర్లు అదే రోజు తీసుకోండి, యూనియన్‌కు అదే రోజు చెప్పండి. క్లెయిమ్‌కు కాలపరిమితి ఉంటుంది. ఆస్పత్రి బిల్లు కట్టాం కదా అని ఎవరైనా ఒక కాగితం తెచ్చి సంతకం అడిగితే, అది పూర్తిగా చదివించుకుని, యూనియన్ వాళ్ళకు గానీ లాయర్‌కు గానీ చూపించిన తర్వాతే పెన్ను పట్టుకోండి.